నలభై మూడో పేజీలో నాలుగు వాక్యాలు

నారాయణపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. 2002 నుంచి 2004 దాకా, కరువు రోజుల్లో, స్కూటర్ మీద తొమ్మిది పల్లెలు తిరిగి పాలమూరు వలసల మీద పదకొండు వ్యాసాలు రాశారు. 2004లో సొంత డబ్బుతో 500 కాపీలు అచ్చు వేయించారు. అరవై దాకా ఇంకా అట్టపెట్టెలో ఉన్నాయి. పుస్తకానికి అప్పట్లో మంచి పేరే వచ్చింది. వలసల మీద ఎవరేం రాసినా అందులోంచి ఒక ముక్క తీసుకునేవారు. ఇప్పుడు ఒక మిత్రుడు దాన్ని మళ్లీ వేద్దామంటున్నాడు. పీహెచ్‌డీ చేస్తున్న ఒక కుర్రాడు తన థీసిస్‌లో చాలాచోట్ల ఆ పుస్తకాన్నే ఆధారంగా చూపిస్తున్నాడు.

కిందటేడు పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో సారుకు శాలువా కప్పారు. భోజనాల దగ్గర ఒక పాత విద్యార్థిని వచ్చి పక్కన నిలబడింది. మహబూబ్‌నగర్‌లో నర్సు ఉద్యోగం. సంచిలోంచి ఆ పుస్తకం తీసి నలభై మూడో పేజీ తెరిచింది. నాలుగు వాక్యాల కింద నీలం పెన్ను గీత.

"మిట్టమధ్యాహ్నం వేపచెట్టు నీడలో నులక మంచం మీద ఒకాయన. పెళ్లాం, పెద్దబిడ్డ పూణె దగ్గర మట్టి మోస్తుంటే ఈయన ఇక్కడ కల్లు తాగి పడుకున్నాడు. పల్లెను చంపింది కరువొక్కటే కాదు. ఇలాంటి మగాళ్లు కూడా చంపారు."

"సార్, గాయన మా నాయిన" అందట ఆ అమ్మాయి. "కెనాల్ పనిల మట్టిపెళ్ల ఇరిగి నడుం మీద పడ్డది. లేవనీకి రాకుండె. మీరొక్క మాట అడిగితే చెప్తుండె గద." పుస్తకం మళ్లీ సంచిలో పెట్టుకుని, ప్లేటు తీసుకుని వెళ్లిపోయింది. అరవలేదు, ఏడవలేదు.

ఆ రాత్రి నుంచి సారు తన పుస్తకాన్ని తానే కొత్తగా చదవడం మొదలుపెట్టారు. లెక్క చూసుకుంటే మాట్లాడింది ఇరవై ఇద్దరితో. వాళ్లలో ఆడవాళ్లు ముగ్గురే, ఆ ముగ్గురి పక్కనా భర్తో మామో కూర్చున్నారు. ఎక్కువ సంగతులు చెప్పింది కూలీలను జట్లుగా పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీలు. ఎందుకంటే వాళ్లింట్లో కుర్చీ ఉండేది, చాయ్ వచ్చేది. ఇంకో సంగతి ఉత్తరంలో ఆరో పేజీకి గానీ బయటపడలేదు. అప్పుల మీద రాసిన వ్యాసంలో 'షావుకార్లను' గట్టిగా తిట్టిన ఈ సారు వాళ్ల నాయన, కిరాణా కొట్లో కూర్చుని బతకపోయేవాళ్లకు, అంటే వలస వెళ్లేవాళ్లకు, నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పులిచ్చేవారు. సారు బీఎడ్ ఫీజు ఆ గల్లాపెట్టెలోంచే వచ్చింది. పుస్తకంలో ఆ ముక్క లేదు.

భార్య "ఎవరికి గుర్తుంది, ఊకోండి" అంటోంది. తమ్ముడు "పోయిన నాయినను బజారుకు ఈడుస్తవా" అంటున్నాడు. మిత్రుడు "ముందుమాటలో ఒక క్షమాపణ పడేద్దాం" అంటున్నాడు. సారుకేమో అసలు పుస్తకమే లేదనుకుంటే పోలా అనిపిస్తోంది. ఏం చేయాలి అని అడిగారు.

సారూ, నమస్కారం.

ఉత్తరంతో పాటు పుస్తకం కూడా పంపి మంచి పని చేశారు. రెండూ చదివాను. ఉత్తరంలో "తప్పు చేశాను" అన్న మాట చాలాసార్లు ఉంది. సెలవుల్లో మాత్రమే తిరగడం తప్పు, ఆడవాళ్లతో మాట్లాడకపోవడం తప్పు, నలభై మూడో పేజీ తప్పు, నాయన సంగతి రాయకపోవడం తప్పు. అన్నీ ఒకే మూటలో కట్టేసరికి మూట బరువెక్కింది. అందుకే దాన్ని బావిలో పారేయాలనిపిస్తోంది. విప్పి చూస్తే అందులో మూడు రకాల సరుకుంది, మూడింటి ధరా ఒకటి కాదు.

సెలవుల సంగతి చూద్దాం. మీరు బడిపంతులు. వేసవిలో, దసరాకు తప్ప తీరికెక్కడిది? మీ వైపు వలసపోయినవాళ్లు చాలామంది ఊరు చేరేది పీర్ల పండక్కి, అంటే మొహర్రంకు. పండగ 2003లోనూ 2004లోనూ మార్చిలో వచ్చింది. బడికేమో ఒక్కరోజే సెలవు, పైగా పరీక్షల కాలం. అంటే ఊరు నిండిన రోజు మీరు క్లాసులో ఉన్నారు, ఊరు ఖాళీ అయ్యాక ఊళ్లో ఉన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో కనిపించేది ముసలివాళ్లు, పిల్లలు, మేస్త్రీలు, పనికి పోలేనివాళ్లు. మీ పుస్తకంలోని పాలమూరు మీకు కనిపించిన పాలమూరు. అది కొరతే గానీ నేరం కాదు. దానికి క్షమాపణ అక్కర్లేదు, వివరం కావాలి.

నలభై మూడో పేజీ వేరే. ఆ కొరతలోంచే పుట్టింది గానీ అక్కడ మీ చెయ్యి కూడా ఉంది. నడిచేవాళ్లంతా వెళ్లిపోయిన ఊళ్లో ఒక మగమనిషి మంచం మీద ఉన్నాడంటే, ఎందుకున్నాడనే కదా అడగాల్సింది. అడగలేదు. నాకు అనిపించింది చెప్పనా? ఆ నాలుగు వాక్యాల్లో చివరి రెండూ మీ మనసులో ముందే ఉన్నాయి. వాటికొక మనిషి కావలసొచ్చాడు, ఆయన దొరికాడు. రాసేవాళ్లందరికీ ఈ జబ్బు ఉంది, నాకూ ఉంది. వాక్యం బాగా కుదిరిందంటే చాలు, నిజమేనా అని వెనక్కి తిరిగి చూడం. ఆ పిల్ల అప్పుడు మీ క్లాసులోనే ఉంది. కూర్చోబెట్టి "మీ నాయినకు ఏమైందమ్మా" అంటే సరిపోయేది.

దీనివల్ల మీకు జరిగిన నష్టం కూడా తక్కువేం కాదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కూలీలను తీసుకుపోవడం మీద మీరు రాసేనాటికే 1979 నాటి చట్టం అమల్లో ఉండేది. కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాల్సిందే. రానుపోను దారి ఖర్చు, ఊరు విడిచినందుకు విడిగా భత్యం ఇవ్వాల్సి ఉండేది. పని దగ్గర పెద్ద దెబ్బ తగిలితే రెండు రాష్ట్రాల అధికారులకూ ఇంటివాళ్లకూ తెలియజేయాల్సి ఉండేది. పనిలో గాయపడ్డవాళ్లకు నష్టపరిహారం ఇవ్వాలన్న అప్పటి చట్టమైతే 1923 నాటిది. మీ పదకొండు వ్యాసాల్లో ఈ రెండు చట్టాల ఊసే లేదు. మేస్త్రీలు "అడ్వాన్స్ తీసుకుని పారిపోతారు సార్" అని చెప్పిన మాట మాత్రం మూడుచోట్ల ఉంది. వలస మనిషిని ఏం చేస్తుందో చూపించే సాక్షి నడుం విరిగి మీ కళ్లెదురుగా మంచం మీద ఉంటే, మీరు కల్లు గురించి రాసుకుని వచ్చారు.

గట్టిగా అంటున్నానని తెలుసు. అలాగని ఇప్పుడు పశ్చాత్తాపంతో ఆయన్ని దేవుణ్ని చేయకండి. ఆయన కల్లు తాగి ఉండొచ్చు కూడా. నొప్పికి తాగారో అలవాటుగా తాగారో మీకూ నాకూ తెలియదు. కొత్త ముద్రణలో "మహానుభావుడు" అని రాస్తే అదీ అడగకుండా రాయడమే అవుతుంది.

మూడోది మీ నాయనగారి వడ్డీ వ్యాపారం. ఇది కొరతా కాదు, పొరపాటూ కాదు. ఇది మీకు తెలుసు. తెలిసే దాటేశారు. షావుకార్లను బహువచనంలో తిడితే మన కొట్టు అందులో కలిసిపోతుంది, ఎవరూ వేలెత్తి చూపరు. పుస్తకం మొత్తం మేస్త్రీ వైపు కొంచెం ఒరిగి ఉండటానికి కారణం కూడా ఇదేనేమో ఆలోచించండి. వాళ్లింటి కుర్చీలో మీకు ఇబ్బందిగా అనిపించలేదంటే, అది మీ ఇంటి కుర్చీ లాంటిదే కాబట్టి.

నా సంగతీ ఒకటి చెప్పాలి. ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేది రాయడం వచ్చినవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు, కవరు కొనగలిగినవాళ్లు. అది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు మనుషులకు ఉండే బాధలన్నీ నా టేబుల్ మీదికే వస్తున్నాయనుకునేదాన్ని. ఒకసారి దేవరకొండ వైపు నుంచి ఒకామె రాసింది. "కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లి ఉండండి, ఆయనకే తెలిసొస్తుంది" అని జవాబిచ్చాను. నెల తిరక్కుండా కార్డు వచ్చింది. "అమ్మా, నాకు పుట్టిల్లు లేదని మొదటి ఉత్తరంలోనే రాశాను." వెతికి చూస్తే నిజమే, రెండో పేజీలో ఉంది. నేను హడావుడిగా చదివాను. ఆ కార్డును అచ్చు వేయలేదు. స్థలం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం రెండుసార్లు చదువుతున్నాను గానీ, ఆమెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీ మిత్రుడు చెప్పింది తేలిక. "లోపాలుంటే విజ్ఞులు మన్నించగలరు" అన్న వాక్యం మన పుస్తకాల్లో శుభలేఖకు పసుపు పెట్టినట్టు ఉంటుంది. ఎవరూ చదవరు, లేకపోతే మాత్రం వెలితిగా ఉంటుంది. అది రాస్తే మీకు కాస్త ఊరట, పుస్తకం ఎక్కడిదక్కడే. ఆ అమ్మాయి కొత్త కాపీ తెరిస్తే నలభై మూడో పేజీలో మళ్లీ అదే మంచం. తెలియక రాసినదానికి సగం మాఫీ ఉంటుంది. తెలిసి రెండోసారి అచ్చు వేస్తే ఏమీ ఉండదు.

ఆ నాలుగు వాక్యాలూ చప్పుడు చేయకుండా తీసేయడం ఇంకో దారి. పాత కాపీలు లైబ్రరీలో ఉన్నాయి, ఆ కుర్రాడి థీసిస్‌లో ఉన్నాయి, ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి. కొత్తదాంట్లో లేకపోతే లోకానికి అది తప్పని తెలియదు, తీసేశారని మాత్రమే తెలుస్తుంది. అయినా ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయను. ఎందుకో కింద చెప్తాను.

పుస్తకాన్నే వెనక్కి తీసుకోవడం మీకు న్యాయంగా కనిపిస్తోంది. నాకైతే అందులో కొంచెం అలక కనిపిస్తోంది. ఆ కరువు రోజుల్లో ఆ తొమ్మిది పల్లెల్లో బస్సు ఏ రాత్రి వచ్చేది, ఎంత అడ్వాన్స్ ఇచ్చేవారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలేవారు అని రాసిపెట్టింది మీరే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. దానికి ముందు పరిస్థితి ఏమిటో తెలుసుకోవాలంటే ఇలాంటి పుస్తకాలే కదా దిక్కు. మీరు రాసిన జిల్లా కూడా ఇప్పుడు లేదు. 2016లో ముక్కలైంది, 2019లో నారాయణపేట వేరైంది. పుస్తకాన్ని దాచేస్తే తప్పుతో పాటు ఇదంతా పోతుంది.

నాకు సబబుగా తోచేది, పాత వ్యాసాలు పాతగానే ఉంచి, ఒక్కోదాని కింద ఇప్పటి మీ మాట తేదీతో సహా రాయడం. కష్టమే, పుస్తకం పెరుగుతుంది, మిత్రుడు సణుగుతాడు. గాంధీగారు 1933లో హరిజన్ పత్రికలో, తన రెండు రాతలకు పొంతన కుదరకపోతే తర్వాత రాసినదాన్నే తీసుకోమన్నారు. అభిప్రాయాలకు అది బాగానే ఉంటుంది. మనిషి మీద పడ్డ మాటకు అలా కుదరదు, పాతదాని పక్కనే కొత్తది కనిపించాలి.

రాసేటప్పుడు అంకెలు, వివరాలు రాయండి, విచారం వద్దు. మీ పాత జిల్లాలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారిని గుర్తు చేసుకోండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా అని ఎవరో అంటే, ఆయన బాధపడుతూ వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను అచ్చు వేసి చూపించారు. ఆయన ఎదుటివాళ్ల మాటకు జవాబిచ్చారు, మీరు మీ మాటకే ఇవ్వాలి. పద్ధతి అదే. "స్త్రీల గొంతు వినిపించకపోవడం ఈ రచనకున్న పరిమితి" అని రాయకండి, అది గాల్లో మాట. ఇలా రాయొచ్చు: "2002–2004 మధ్య వేసవి, దసరా సెలవుల్లో తొమ్మిది పల్లెలు తిరిగాను. ఇరవై ఇద్దరితో మాట్లాడాను. ఆడవాళ్లు ముగ్గురే, వాళ్లు కూడా ఒంటరిగా మాట్లాడలేదు. వలసపోయిన చోటికి నేను ఒక్కసారీ పోలేదు." ఇది చదివినవాడికి మీ పుస్తకాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. విలువ తగ్గుతుందని మీ మిత్రుడి భయం. పాడి రైతు పాలల్లో ఎన్ని నీళ్లు కలిశాయో తనే చెప్తే మిగతావి పాలే అని కదా అర్థం.

ఆ ఊళ్లలో అప్పుడు బతకపోయిన ఆడవాళ్లు ఇప్పుడు యాభై, అరవైల్లో ఉంటారు, చాలామంది ఊళ్లోనే ఉంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు వాళ్ల నోటితోనే పుస్తకంగా వచ్చింది 1986లో, పోరాటం ఆగిన ముప్పై అయిదేళ్లకు. మీకు ఇరవయ్యేళ్లే అయింది. ఓపిక ఉంటే ఒక నలుగురి దగ్గరికి వెళ్లండి. మీరు కాకుండా ఎవరైనా అమ్మాయిని పంపితే ఇంకా నయం. సారు ముందు మంచం మీద కూర్చోవడానికే వాళ్లు మొహమాటపడతారు, ఇంక మాట్లాడేదేముంది.

తమ్ముడి విషయం. ఆయన మాటలో న్యాయం ఉంది. నాయన మీ ఒక్కరికే నాయన కాదు, పైగా ఆ కొట్టు ఇప్పుడు తమ్ముడిదే అన్నారు. ఊళ్లో ఉండి మొహం చూపించుకోవాల్సింది ఆయన. కాబట్టి తీర్పు చెప్పినట్టు రాయకండి. "మా ఇంట్లోనూ వడ్డీకి ఇచ్చేవారు. నా బీఎడ్ ఫీజులో ఆ డబ్బు ఉంది. ఈ వ్యాసం రాసేటప్పుడు అది నాకు తెలుసు, రాయలేదు." ఇంతే. ఇందులో తప్పు మీ మీద ఉంది, నాయన మీద లేదు. అప్పు తీసుకున్నవాళ్ల పేర్లు అసలే వద్దు. అచ్చుకు వెళ్లేముందు ఆ పేజీ తమ్ముడికి చూపించండి, మాట మార్చమంటే మార్చండి. మొత్తం తీసేయమంటే మాత్రం నా సలహా, అప్పుల వ్యాసమే వేయకుండా పది వ్యాసాలతో పుస్తకం తెండి. షావుకార్లను తిడుతూ మీ కొట్టును రెండోసారి దాచడం కంటే అది మేలు. తమ్ముడు కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఆ ధర ఎంతో మీకే తెలుసు, నేను ఇక్కడ కూర్చుని లెక్క కట్టలేను.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. ఆ పరిశోధక కుర్రాడికి ఫోన్ చేసి నలభై మూడో పేజీ వాడొద్దని చెప్పండి, మేస్త్రీల మాటలు మేస్త్రీల మాటలుగానే రాయమని చెప్పండి. థీసిస్ ఒకసారి సబ్మిట్ అయ్యాక మీ తప్పు ఇంకొకరి పేరు మీద నడుస్తుంది. అట్టపెట్టెలో ఉన్న అరవై కాపీలకు తప్పొప్పుల పట్టిక ఒక చిన్న కాగితం మీద కొట్టించి అంటించండి. పాతకాలపు పద్ధతే గానీ యాభై రూపాయల్లో అయిపోతుంది. ఆ కాగితం మీద ఏం ఉండాలన్నది మాత్రం మీరొక్కరే తేల్చకండి.

ఎందుకంటే ఆ అమ్మాయికి ఏం కావాలో మనకు తెలియదు. దిద్దుబాటు అచ్చు వేస్తే ఊళ్లో మరిచిపోయినవాళ్లు కూడా "ఎవరా మనిషి" అని మళ్లీ తవ్వుతారు. ఆమె "తీసేయండి చాలు, మా నాయిన పేరు ఇంకెక్కడా రానీయొద్దు" అనొచ్చు. అప్పుడు నేను పైన సగం కొట్టిపారేసిన దారే సరైన దారి అవుతుంది. లేదా "జరిగింది జరిగినట్టు రాయండి" అనొచ్చు. అలాగైతే "తర్వాత తెలిసింది" అని కాకుండా "ఆయన కూతురు చెప్పింది" అని రాయండి, ఆమె ఒప్పుకుంటేనే. ఆమె చేత ముందుమాట రాయించాలన్న ఆలోచన మీకు వచ్చి ఉంటే మానుకోండి. అది ఆమె నుంచి సర్టిఫికెట్ తీసుకున్నట్టు అవుతుంది.

వెళ్లేముందు ఫోన్ చేసి, డ్యూటీ లేని రోజు అడిగి వెళ్లండి. ఒంటరిగా వెళ్లండి. మొదటిసారి పుస్తకం, కాగితం, పెన్ను ఏవీ తీసుకెళ్లకండి. ఆమె తలుపు దగ్గరే నిలబెట్టి రెండు మాటలు చెప్పి పంపినా వినండి.

మీ ఉత్తరం ఏడు పేజీలు, రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయి వాళ్ల నాయిన ఇప్పుడు ఉన్నారో లేదో అందులో ఎక్కడా లేదు. ముందు అది అడగండి.